వరహాలుకు రెండు బిందెలు

ముప్పై ఏళ్లకు పైగా పశువుల ఆసుపత్రుల్లో సహాయకుడిగా పనిచేశాను. కళ్యాణదుర్గం వైపు కొన్నాళ్లు, ఉరవకొండ వైపు కొన్నాళ్లు, చివరికి ధర్మవరం దగ్గర. ఆవులకు, ఎనుములకు, గొర్రెలకు ఎన్ని సూదులు వేశానో లెక్కలేదు. పందిని ఇంట్లో పెట్టుకుని పెంచింది మాత్రం రిటైరయ్యాకే.

2021 నవంబరులో చిత్రావతి పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఏట్లో చిక్కుకున్న పదిమందిని హెలికాప్టరు వచ్చి కాపాడిన వాన అది. చుక్క నీటికి ముఖం వాచిన సీమలో అంత నీళ్లు చూసి పిల్లలు అబ్బురపడిపోయారు. మా ఊరి వంక తీసిన మరునాడు పొద్దున్నే నా మనవడు, మనవరాలు ఒక గోనెసంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. సంచిలో నల్లటి పందిపిల్ల. పిల్లికన్నా చిన్నది, ఒళ్లంతా ఒండ్రు, చలికి గడగడా వణుకుతోంది. కంపచెట్ల మధ్య ఇరుక్కుని అరుస్తుంటే తెచ్చారట.

"తాతా, ఇది మనింట్లోనే ఉంటాది" అంది మనవరాలు. అడగలేదు, తేల్చేసింది. అప్పుడు దానికి ఆరేళ్లు.

అప్పటికే ఇంట్లో ఒక నాటుకుక్క, ఒక పిల్లి, నాలుగు కోళ్లు ఉన్నాయి. ఆ పందిపిల్లతో గడిపిన ఏళ్లలో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్న మన పిల్లలు పందుల్ని ముచ్చటపడి తెచ్చుకుంటున్నారని వింటున్నాను కాబట్టి రాయాలనిపించింది.

1. అది ఎవరిదో ముందు కనుక్కోండి.

ఊళ్లో తిరిగే పందికి యజమాని లేడనుకోవడం పొరపాటు. పిల్లను కడిగి చూస్తే ఎడమ చెవి అంచున చిన్న కోత కనిపించింది. మందలు కలిసిపోయినా ఎవరివి వాళ్లు గుర్తుపట్టడానికి పెట్టే గుర్తు అది. పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని, పందుల్ని పెంచే ఎరుకలవాళ్ల ఇళ్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ, ఆసుపత్రి రోజుల నుంచీ నాకు ఎరుక, చెవి చూడగానే చెప్పింది. "నా మందదే సారూ. తల్లి వంకలో కొట్టుకునిపోయినాది. పిల్లోళ్లు ఇష్టపడినారు గదా, పెట్టుకోండి. అయితే ఒగమాట. ఎండాకాలం నీళ్లు పోసేటట్టుంటేనే పెట్టుకో. లేదంటే ఇప్పుడే ఇచ్చేసిపో."

డబ్బులు వద్దంది. బలవంతాన చేతిలో పెట్టి వచ్చాను. ఆమె అడిగిన ఆ ఒక్క షరతే తరవాత నాకు అన్నిటికన్నా పెద్ద పాఠమైంది.

పంది గురించి నాకు చదువు చెప్పింది ఆవిడే. పిల్లకు వెచ్చదనం ఎలా పట్టాలి, పాలు మాన్పించాక ముందు ఏం పెట్టాలి, చెవులు వాలేస్తే ఏమిటి, తోక వేలాడేస్తే ఏమిటి, అన్నీ. ఇంత తెలిసిన జనాన్ని తెల్లదొరల చట్టం పుట్టుకతోనే నేరస్తులని రాసి పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గానీ ఆ ముద్ర చెరగలేదు. పందిని పెంచాలనుకునేవాళ్లు సెల్‌ఫోన్లో వీడియోలు చూసేముందు దగ్గర్లో ఉన్న ఎరుకలవాళ్లను గౌరవంగా అడగండి.

ఇంకొకటి. శెనక్కాయ చేలల్లో దొరికిన పిల్లకు ఒంటిమీద గోధుమరంగు చారలుంటే అది అడవిపంది పిల్ల. దాన్ని ముట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచడం నేరం. తల్లి చుట్టుపక్కలే ఉంటుంది, మీదికొస్తే మనిషి బతకడు.

2. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలదు, పక్కింటివాళ్లు ఒప్పుకోవాలి.

నా భార్య మొదట ససేమిరా అంది. దేవుడి గది ఉన్న ఇంట్లో పందేమిటని. తిరుమలకు పోతే మనం ముందు దర్శనం చేసుకునేది వరాహస్వామినే కదా అన్నాను. విజయనగర రాజుల ముద్ర మీద ఉన్నదీ పందే. వాళ్ల బంగారు నాణేనికి వరహా అని పేరు వచ్చింది దానివల్లే. మన పెనుకొండ ఆ రాజ్యానికి రాజధానిగా కూడా ఉండింది. ఇదంతా వింటున్న మనవడు పిల్లకు "వరహాలు" అని పేరు పెట్టేశాడు. పేరు పెట్టాక మా ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం పాత చీర మడిచి మూల పరిచింది.

మాకు ఎడమపక్క ముస్లిం కుటుంబం. నలభై ఏళ్ల స్నేహం. పిల్ల ఇంటికి వచ్చిన రోజే వెళ్లి ఉన్నమాట చెప్పాను. "మా వాకిట్లోకి రానీకుండా చూసుకో అన్నా, అంతే సాలు" అన్నాడాయన. ఆ వారంలోనే అటువైపు రాళ్లతో నడుమెత్తు గోడ పెట్టించాను. ఇన్నేళ్లలో ఆ మాట తప్పలేదు.

కుడిపక్క మాత్రం నిర్లక్ష్యం చేశాను. అటు చేనేత ఇల్లు, మధ్యలో ఉన్నది కంపదడే. వరహాలుకు ఆరు నెలలు వచ్చేసరికి దడి కింద ముట్టెతో మట్టి తవ్వి అవతలికి దూరింది. తలుపు తీసి ఉంటే తిన్నగా మగ్గం గుంతలో దిగింది. బయటికి రాబోయి పడుగు తెంపింది. పట్టు పడుగు అది. ఎన్ని పోగులు తెగాయో, ఒక్కొక్కటి అతుక్కుంటూ ఆ దంపతులు రెండు రోజులు కూర్చున్నారు. వాళ్ల కూలి పోయింది, చీర ఆలస్యమైంది. నష్టం కట్టిచ్చాను గానీ ఆ ఇల్లాలు తలొంచుకుని పోగులు అతుకుతున్న దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. పందికి గోడ కట్టేటప్పుడు ఎత్తు ముఖ్యం కాదు, పునాది ముఖ్యం. అది ఎగరదు, తవ్వుతుంది. అడుగున్నర లోతున బండలు నిలువుగా పాతితే ఆగుతుంది.

3. నీళ్లు.

పందికి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే రొప్పాలి, లేదా తడిమట్టిలో పొర్లాలి. బురద చర్మం మీద ఉన్నంతసేపు ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది, ఈగల నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది. బురదలో పొర్లుతుందని దాన్ని మురికి జంతువు అంటాం. చోటు ఇచ్చి చూడండి, పడుకునే దగ్గర అది ఎప్పుడూ పేడ వేయదు. వరహాలు పిల్లగా ఉన్నప్పుడే దొడ్లో దూరపు మూలను ఎంచుకుంది, ఈనాటికీ అక్కడికే పోతుంది.

మన జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం కూర్చునే ఊళ్లు నాకు తెలుసు. అలాంటి చోట పెరిగిన పందికి రోజూ రెండు బిందెలు కావాలి, ఒకటి తాగడానికి, ఒకటి పొర్లే గుంతకు. ఈ లెక్క ఒప్పుకోలేని ఇంటికి పంది వద్దు.

2022 మే నెలలో మేమంతా ఒక పెళ్లికి పోయాం. పొద్దున ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు పోసి, తవుడు పెట్టి వెళ్లాం. మేం అటు వెళ్లగానే వరహాలు ముట్టెతో తొట్టిని తిరగేసింది. పందులకు అదొక ఆట. వీధిలో పిల్లలు జాలిపడి మధ్యాహ్నం తమ ఇళ్లలో మిగిలిన ఊరగాయ అన్నం, ఉప్పుమిరపకాయలు గోడ మీది నుంచి వేశారు. సాయంత్రం మేం తలుపు తీసేసరికి అది తల గోడకు ఆనించి నెడుతూ ఉంది. పిలిస్తే పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏమీ కనబడటం లేదు. ఒక్కసారిగా వెనక్కి పోయి కూలబడి కాళ్లు కొట్టుకుంది. మనవరాలు కేకపెట్టి బకెట్టు తేబోయింది.

నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఉప్పు ఎక్కువై నీళ్లు లేక వచ్చే విషం అది. పందులకు ఇట్టే వస్తుంది. అప్పుడు నీళ్లు ఒక్కసారిగా తాగనిస్తే మెదడు వాచి చచ్చిపోతుంది. గ్లాసుడు నీళ్లు, కాసేపు ఆగి మళ్లీ గ్లాసుడు. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు రాత్రంతా అలాగే పట్టాం. నేను గడియారం చూస్తుంటే మనవడు గ్లాసు అందించాడు. రెండు జాముల తరవాత మూర్ఛలు ఆగాయి. తెల్లారేసరికి నా గొంతు విని చెవి కదిపింది. చూపు పూర్తిగా రావడానికి మూడు రోజులు పట్టింది.

అంతకుముందు ఇలా వచ్చిన పందుల్లో బతికినవాటిని నేను పెద్దగా చూడలేదు. మర్నాడే తాడిపత్రి బండలతో తొట్టి కట్టించాను, ఏనుగు వచ్చినా కదలదు. ఊరు వదిలి పోవాల్సి వస్తే నీళ్లు చూసే మనిషిని పెట్టి గానీ గడప దాటం.

4. చిన్నగా ఉండిపోయే పంది లేదు.

మా అబ్బాయి స్నేహితుడు బెంగళూరులో "టీకప్ పిగ్" అని చాలా డబ్బులు పోసి కొన్నాడు. కప్పులో పట్టే పందిని దేవుడు పుట్టించలేదు, మనిషీ పుట్టించలేదు. ప్రయోగశాలల కోసం జర్మనీలో ప్రత్యేకంగా పొట్టిగా తయారుచేసిన గోటింగెన్ జాతి కూడా పెద్దదయ్యాక 35 కిలోలు తూగుతుంది. అమ్మేవాళ్లు చూపించేది నెల పిల్లను. ఎదగకూడదని కడుపు మాడ్చమని సలహా కూడా ఇస్తారట. అది పాపం. ఏడాది తిరిగేసరికి అపార్టుమెంటులో ఇమడక ఆ పందిని ఎవరికో ఇచ్చేశాడు. ఎవరికిచ్చాడో నేను అడగలేదు.

మా వరహాలు నాటుది, ఇప్పుడు 60 కిలోలు దాటింది. తెల్ల సీమపందులైతే 200 కిలోలు దాటుతాయి, పైగా మన ఎండకు వాటి చర్మం కమిలిపోతుంది. ఈ నేలకు నల్ల నాటుపందే సరిపోతుంది.

5. పందికి నేర్పేముందు పిల్లలకు నేర్పాలి.

మొదటివారం పిల్లలు దాన్ని ఎత్తుకోబోతే చెవులు చిల్లులుపడేలా అరిచింది. కాళ్లు నేల విడిచాయంటే ఏదో మృగం పట్టుకుపోతోందని దాని భయం. ఎత్తుకోవద్దు, నేలమీద కూర్చోండి, అదే వస్తుంది అని చెప్పాను. ఇద్దరూ రోజూ బడి నుంచి వచ్చి దొడ్లో నేలమీద కూర్చుని ఎక్కాలు చదివేవాళ్లు. నాలుగో రోజు వచ్చి మనవడి మోకాలు వాసన చూసింది. పదో రోజుకు మనవరాలి ఒళ్లో తల పెట్టి, పొట్ట నిమిరితే వెల్లకిలా పడుకుంది.

తప్పు జరిగింది తిండి దగ్గర. పిల్లలు శెనక్కాయలు చేత్తో తినిపించడం మొదలుపెట్టారు. ముద్దుగా ఉంటుందని నేనూ చూస్తూ ఊరుకున్నాను. ఒకరోజు మనవరాలి గుప్పిట్లో కాయలు లేవు, వాసన మాత్రం ఉంది. చటుక్కున వేలు పట్టింది. లోతుగా దిగలేదు గానీ రక్తం వచ్చింది. మా కోడలు పందిని వెళ్లగొట్టమంది. తల్లి మనసు, తప్పు పట్టలేను. కానీ చెయ్యే గిన్నె అని నేర్పింది మనం. ఆనాటి నుంచి ఏది పెట్టినా నేలమీదో తొట్టిలోనో పెట్టడమే. ఏడాది దాటాక పంది ఇంట్లో ఎవరు పెద్దో తేల్చుకోవాలని చూస్తుంది, చిన్నవాళ్లను, కొత్తవాళ్లను తలతో నెడుతుంది. అప్పుడు కొట్టకూడదు, పరుగెత్తకూడదు. నిలబడి, చేతులు చాచి, దాని భుజాన్ని నెట్టి పక్కకు జరిపించాలి. అది జరిగాక మనం వెనుదిరగాలి. మనవడికి ఇది నేర్పడానికి నెల పట్టింది. అయిదేళ్ల లోపు పిల్లల్ని మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా పంది దగ్గర ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

దాని తెలివి మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధనలో పందులు ముట్టెతో మీట కదిపి తెర మీది చుక్కను గురికి తగిలించాయి. అది చదివి నేను ఆశ్చర్యపోలేదు. అప్పటికే మా వరహాలు దొడ్డి గడియ తీయడం నేర్చేసుకుంది.

బడిలో మనవరాల్ని "పందోళ్ల పిల్ల" అని వెక్కిరించారు. ఏడ్చుకుంటూ వచ్చింది. పందిని ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగాను. వద్దంది. అప్పుడు చెప్పాను, ఆ మాట నిన్ను కాదమ్మా, మనకు ఈ పిల్లనిచ్చిన ఆ పెద్దావిడను, ఆమె పిల్లల్ని. వాళ్లు రోజూ పడే మాట నువ్వు ఒకరోజు పడ్డావు. మరుసటి ఆదివారం తనే అడిగి ఆవిడ ఇంటికి తీసుకుపోమంది. ఆవిడ మనవరాలూ అదే బడిలో రెండో తరగతి. ఇప్పుడు ఇద్దరూ కలిసే బడికి పోతారు. నందిని పంది, పందిని నంది చేస్తారని మనకొక వాడుక ఉంది. లేపాక్షి బసవన్న ఉన్న జిల్లాలో పెరిగే పిల్లలు నందిని తక్కువ చేయకుండానే పందినీ గౌరవించడం నేర్చుకోవచ్చు.

6. కుక్కను నమ్మొద్దు, ఎంత మంచిదైనా.

మా నాటుకుక్క పిల్లలు తోక లాగినా ఊరుకునే రకం. కానీ కుక్క వేటజంతువు, పంది వేటాడబడే జంతువు. రెండేళ్లు పక్కపక్కన పడుకున్నాయి. ఒకరోజు వరహాలు ఏదో గుచ్చుకుని కీచుమంది. ఆ అరుపు వినగానే కుక్క కళ్లు మారిపోయాయి, చెవి పట్టుకుంది. నేను అక్కడే ఉండబట్టి విడిపించాను. చెవికి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి మనిషి లేనప్పుడు రెండింటి మధ్యా తలుపు ఉండాల్సిందే. కుక్కకు ఏటా రేబీస్ టీకా తప్పదు, పందికి కూడా పిచ్చికుక్క కాటు వల్ల రేబీస్ వస్తుంది.

పిల్లితో గొడవ లేదు. కోళ్లను మాత్రం పైకి మార్చాం, గుడ్లు మిగలనిస్తేగా.

7. మిగిలిందల్లా పెట్టొద్దు.

తవుడు, ఉప్పులేని సంగటి, సొరకాయ, గుమ్మడి, కూరగాయల తొక్కలు, పచ్చగడ్డి. ఇవి చాలు. ఊరగాయ ముట్టించొద్దు. బూజుపట్టిన శెనక్కాయలు, వాటి చెక్క ఊరికే వచ్చినా వద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. మన దగ్గర కల్లాల్లో వాన తగిలిన కాయలు గుట్టలుగా ఉంటాయి, అందుకే ప్రత్యేకించి చెబుతున్నాను. ఆముదం గింజలు విషం. హోటళ్ల ఎంగిలి, అందులోనూ మాంసం కలిసినది, అసలు వద్దు. మన దేశంలో 2020లో అస్సాం వైపు మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అలాంటి ఎంగిలి వెంట కూడా వ్యాపిస్తుంది, దానికి మందు లేదు.

8. రోగాల గురించి భయమూ వద్దు, అశ్రద్ధా వద్దు.

మెదడువాపు జ్వరం పేరు చెప్పి పందుల్ని ఊళ్లోంచి తరిమిన సంవత్సరాలు నేను చూశాను. ఆ క్రిమి పందిలో పెరిగేమాట నిజమే, కానీ మనిషికి తెచ్చేది దోమ. అందుకే పొర్లే గుంతలో నీళ్లు వారానికి రెండుసార్లు పూర్తిగా తోడేయాలి. మేం తోడి అరటికి, కరివేపాకుకు పోస్తాం, ఒక్క చుక్క వృథా కాదు. చీకటి పడితే పిల్లలు దోమతెరలో ఉండాలి. ఆ జ్వరానికి 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి టీకాలున్నాయి. మీ జిల్లాలో వేస్తారేమో ఏఎన్ఎమ్మును అడగండి.

బద్దెపురుగు సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. మెదడుకు పాకి మూర్ఛలు తెచ్చే గుడ్లు పంది పేడలో ఉండవు, బయలుకు పోయిన మనిషి మలంలో ఉంటాయి. అది తిన్న పందికి రోగం మననుంచే వెళ్తుంది. మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో, కట్టుదిట్టంగా పెరిగే పందికి ఆ బాధ లేదు. పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అంతే.

క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా (ఆఫ్రికన్‌ది కాదు, అది వేరు) రెండు నెలల వయసులో, ఆపైన ఏటా. నులిపురుగుల మందు డాక్టరు చెప్పినట్టు. ఆడపంది 21 రోజులకోసారి ఎదకు వస్తుంది, ఆ రెండు మూడు రోజులు చిరాకుగా ఉంటుంది, పిల్లల్ని దూరంగా ఉంచాలి. మగపిల్లకైతే చిన్నప్పుడే విత్తులు తీయించాలి, తరవాత ఆ వాసన, ఆ మొండితనం ఇంట్లో భరించలేరు.

9. పెంచడానికో కోయడానికో మొదటిరోజే చెప్పండి.

పందిని కోసుకు తినడం తప్పని నేను అనను. ఎందరికో అదే బతుకు. కానీ పేరు పెట్టి, పిల్లల ఒళ్లో పడుకోబెట్టి, జాతర ముందు బేరం పెట్టడం ద్రోహం. బరువు చూసి నా దగ్గరికీ చాలామంది వచ్చారు. పిల్లల ఎదుటే కాదని చెప్పి పంపాను, వాళ్లకు వినపడాలని.

బాగా చూసుకుంటే పంది 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. మనవడు అప్పటికి ఉద్యోగంలో ఉంటాడు, మనవరాలు ఏ కాలేజీలోనో. నేనుంటానో లేదో. అందుకే కొడుకును కూర్చోబెట్టి అడిగాను, నా తరవాత దీనికి నీళ్లు పోసేదెవరని. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించి "నేను పోస్తాలే నాయనా" అన్నాడు. వెంటనే చెప్పి ఉంటే నేను అంతగా నమ్మేవాణ్ని కాదు.

పందిపిల్ల కావాలని మీ ఇంట్లో పిల్లలు అడిగితే, పిల్లను చూపించడానికి తీసుకుపోవద్దు. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, పెరిగిన పంది ఉన్న దొడ్డికి తీసుకుపోండి. ఒక బిందె వాళ్ల చేత మోయించి గుంతలో పోయించండి. రెండోది కూడా మోస్తామంటే అప్పుడు ఆలోచించండి. మా ఊరికి వస్తే వరహాలు ఉంది, బిందెలూ ఉన్నాయి.